యేసును వెంబడించడం అంటే నిజంగా ఏమిటి?

కొండదారి (చర్చ ప్రారంభించినవారు)

నేను సంఘంలోనే పుట్టి పెరిగాను. బాప్తిస్మం పొంది ఇరవై ఆరేళ్లయింది. పదిహేనేళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్య కార్యాలయంలో ఏదో మాటల సందర్భంలో నా విశ్వాసం గురించి చెప్పబోతుంటే, తొమ్మిదేళ్లుగా పక్క బల్ల దగ్గరే పనిచేస్తున్న సహోద్యోగిని ఒకరు, "తెలుసండీ, మీరు ఆదివారం పిలిచినా పనికి రారు కదా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తనకు తెలిసింది చెప్పారు, అంతే. తొమ్మిదేళ్లలో ఆమెకు నాలో కనిపించిన తేడా అదొక్కటే.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే అడుగుతున్నాను. యేసును వెంబడించడమంటే కొన్ని సిద్ధాంతాలను ఒప్పుకోవడమా, ఆరాధనకు క్రమం తప్పకుండా వెళ్లడమా, ఎవరికీ హాని చేయకుండా మంచివాడిగా బతకడమా, లేక ఇవేవీ కాని మరొకటా? వాక్యం ఆధారంగానో, సొంత అనుభవం నుంచో చెప్పగలవారు చెప్పండి. నన్ను ఓదార్చడానికి మాత్రం ఎవరూ రాయవద్దని మనవి.

పాత నిఘంటువు

కొండదారి గారూ, మాటల దగ్గర మొదలుపెడదాం. మనం తేలికగా వాడే "క్రైస్తవుడు" అనే మాట కొత్త నిబంధన మొత్తంలో కనిపించేది మూడుసార్లే: అపొస్తలుల కార్యములు 11:26, 26:28, మొదటి పేతురు 4:16. అందులో మొదటిది అంతియొకయలో శిష్యులకు ఆ పేరు వచ్చిందని చెప్పే సందర్భం. రెండోది అగ్రిప్ప రాజు నోట వచ్చినది. "శిష్యుడు" అనే మాటైతే నాలుగు సువార్తల్లోనూ అపొస్తలుల కార్యములలోనూ కలిపి రెండు వందల యాభై సార్లకు పైగా వస్తుంది. గ్రీకులో ఆ మాట "మథేతేస్". నేర్చుకునేవాడు అని అర్థం. తొలినాళ్లలో ఈ జీవన విధానానికి "మార్గము" అనే పేరు ఉండేదని కూడా అపొస్తలుల కార్యములు 9:2 వల్ల తెలుస్తుంది. ఈ మాటల్లో ఏదీ ఒకచోట స్థిరంగా కూర్చున్నవాడికి పెట్టే పేరు కాదు.

"వెంబడించు" అనే తెలుగు మాట కూడా నాకు ఎంతో తగినదిగా తోస్తుంది. దొంగను వెంబడించినా, గురువును వెంబడించినా కాళ్లు కదలవలసిందే. గలిలయ సముద్రం ఒడ్డున సీమోనునూ అంద్రెయనూ పిలిచినప్పుడు యేసు వారిని ఏ సిద్ధాంతమూ అప్పగించమని అడగలేదు. "నా వెంబడి రండి" అన్నాడు. వారు వలలు విడిచి నడిచారు. ఆయన ఎవరో వారికి తెలిసివచ్చింది నడుస్తూ ఉండగానే, అదీ ఎన్నో పొరపాట్ల తరువాత. మార్కు సువార్తను ఒక్క కూర్చోవడంలో చదివితే శిష్యులు ఆయన మాటను ఎన్నిసార్లు తప్పుగా అర్థం చేసుకున్నారో చూసి ఆశ్చర్యం కలుగుతుంది. అర్థం కాలేదని ఆయన వారిని ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు.

కృపాపాత్రుడు

పైన రాసినదంతా నిజమే గానీ ఒక హెచ్చరిక అవసరమని నాకనిపిస్తోంది. వెంబడించడాన్ని మన నడకతో కొలవడం మొదలుపెడితే, కొద్ది రోజుల్లోనే అది మనం సంపాదించుకున్న అర్హతగా మారిపోతుంది. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీయులకు రాసిన పత్రిక స్పష్టంగా చెబుతోంది. సిలువ మీద యేసు పక్కన వేలాడిన నేరస్థుడు ఆయన వెనుక ఒక్క అడుగైనా నడిచినవాడు కాడు. నడవడానికి అతని కాళ్లకు వీలే లేదు. "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అని అడిగాడు. ఆ అడగడమే చాలింది. కొండదారి గారూ, సహోద్యోగిని మాట మిమ్మల్ని గుచ్చుకోవడం మంచిదే. అయితే ఆ నొప్పిని మాన్పుకోవడానికి రేపటి నుంచి పది సత్కార్యాలు మొదలుపెట్టకండి.

బయటి చదువరి

నేను క్రైస్తవుడిని కాను. మత్తయి సువార్త 5 నుంచి 7 వరకు ఉన్న కొండమీది ప్రసంగాన్ని మాత్రం చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నాలో ఏదో కదులుతుంది. అందుకే బయటివాడినైనా ఒక సందేహం అడిగే చనువు తీసుకుంటున్నాను.

ఆ ప్రసంగం చివర ఇద్దరు మనుషులు ఇళ్లు కట్టుకున్న ఉపమానం ఉంది. బండ మీద కట్టినవాడూ, ఇసుక మీద కట్టినవాడూ ఇద్దరూ ఆయన మాటలు విన్నవారే. ఒకడు విన్నట్టు చేశాడు, రెండోవాడు చేయలేదు. వారి మధ్య ఇంకే తేడా లేదు. వర్షం కూడా ఇద్దరి ఇళ్ల మీదా ఒకేలా కురిసింది. మరి నాకు తెలిసిన విశ్వాసులు ఆ మూడు అధ్యాయాలను చేయడానికి ఇచ్చిన మాటలుగా కాక, తలచుకుని పరవశించడానికి ఇచ్చిన మాటలుగా చూస్తారు ఎందుకు? శత్రువులను ప్రేమించండి అన్న మాటను ఎవరైనా నిజంగా, తమకు నష్టం వస్తుందని తెలిసి కూడా, పాటించారా?

పాత నిఘంటువు

పాటించినవారు ఉన్నారు. నాకు వెంటనే గుర్తుకు వచ్చేది డర్క్ విల్లెమ్స్. నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ ఊరివాడు. పెద్దవాడయ్యాక తిరిగి బాప్తిస్మం పొందాడనీ, తన ఇంట్లో ఇతరులకు బాప్తిస్మం ఇవ్వనిచ్చాడనీ అతన్ని బంధించారు. అతడు గుడ్డలను ముడివేసి తాడుగా చేసుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. అది చలికాలం. దారిలో నీటి మీద పేరుకున్న పలుచని మంచును దాటి అతడు అవతలి గట్టుకు చేరుకున్నాడు. వెంట తరుముతున్న మనిషి బరువుకు మాత్రం మంచు విరిగింది. నీళ్లలో పడి ఆ మనిషి కేకలు వేశాడు.

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగి చూడండి. విల్లెమ్స్ తప్పించుకున్నాడు. వెనక్కి తిరగకపోతే ఎవరూ తప్పు పట్టరు. పైగా దేవుడే కాపాడాడని సాక్ష్యం చెప్పుకోవచ్చు. అతడు వెనక్కి వచ్చాడు, మంచు అంచున వంగి చేయి అందించి ఆ మనిషిని పైకి లాగాడు. ప్రాణం దక్కిన మనిషి అతన్ని వదిలేయాలనుకున్నా, ఒడ్డున ఉన్న పైఅధికారి ఒప్పుకోలేదు. 1569 మే 16న విల్లెమ్స్‌ను సజీవంగా దహనం చేశారు.

ఆ క్షణంలో అతడు కూర్చుని వేదాంతం ఆలోచించి ఉండడు. అంతకుముందు ఎన్నో ఏళ్లు ప్రతిరోజూ చిన్న విషయాల్లో అదే దిశగా తిరగడం అలవాటైన మనిషికే ఆ రోజు ఆ కాళ్లు అటు తిరిగి ఉంటాయని నేను నమ్ముతాను. లూకా 9:23లో సిలువను "ప్రతిదినము" ఎత్తుకోవాలని ఉంది. మత్తయి, మార్కులు అదే మాటను రాసినా "ప్రతిదినము" అన్నది లూకా ఒక్కడిలోనే కనిపిస్తుంది.

బయటి చదువరి

మనసారా కృతజ్ఞతలు. ఈ వృత్తాంతం నేను ఎన్నడూ వినలేదు. కాని అతన్ని దహనం చేసినవారు కూడా అదే యేసు పేరు చెప్పుకున్నవారే కదా. ఈ మాట వాదించడానికి అనడం లేదు. అదే నన్ను ఇప్పటికీ గుమ్మం బయట నిలబెట్టింది.

మూడో జాము

బయటి చదువరి గారిని బయట నిలబెట్టిన కారణమే నన్ను లోపలి నుంచి బయటికి నడిపింది. నేను ఉన్న సంఘంలో డబ్బున్నవారు వస్తే ముందు వరుస ఖాళీ అయ్యేది. కూలిపని చేసుకునే కుటుంబం ఒకటి రెండేళ్లపాటు తలుపు పక్కన నిలబడి ఆరాధించింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో సరిగ్గా ఇదే దృశ్యం రాసి ఉంది. అదే అధ్యాయం మీద అక్కడ ప్రసంగం విన్నాను. ప్రసంగం ముగిశాక కూడా ఆ కుటుంబం తలుపు పక్కనే ఉంది.

బయటికి వచ్చి ఆరేళ్లయింది. ఆయనను మాత్రం వదులుకోలేకపోయాను. ప్రార్థిస్తాను, చదువుతాను, చేతనైనంత చేస్తాను. ఒంటరిగా వెంబడించడం సాధ్యమా? ఈ ప్రశ్న అడగడానికి కూడా నాకు ఇంతకాలం ధైర్యం చాలలేదు.

ఆవగింజ

మూడో జాము గారూ, మీ ప్రశ్నకు పూర్తి సమాధానం నా దగ్గర లేదు. నా సంగతి చెబుతాను.

మా అమ్మకు మతిమరుపు జబ్బు. నాలుగేళ్లుగా ఆమెను ఒంటరిగా వదిలి నేను ఎక్కడికీ వెళ్లలేను, ఆరాధనకు కూడా. సాయంత్రం అయ్యేసరికి ఆమె తలుపు వైపు చూస్తూ, "ఇది ఎవరి ఇల్లమ్మా, చీకటి పడుతోంది, నన్ను మా ఇంటికి పంపించు" అంటుంది. మనదే అమ్మా అంటే నమ్మదు. గోళ్లు తీయబోతే చేయి లాక్కుంటుంది. ఒక్కొక్క వేలినీ నా అరచేతిలో పెట్టుకుని, చిన్నప్పుడు ఆమె నాకు పాడిన పాటే పాడుతూ, పది వేళ్లకూ గోళ్లు తీసేసరికి అరగంట పడుతుంది. మొదటి ఏడాదంతా నేను దారి తప్పిన మనిషిననే అనుకున్నాను. పాటల బృందంలో నా చోటు వేరొకరికి ఇచ్చారని తెలిసిన రోజున చాలా ఏడ్చాను.

ఆ రోజుల్లోనే మార్కు అయిదో అధ్యాయం చదివాను. సమాధుల్లో తిరిగిన మనిషి స్వస్థత పొందాక యేసు వెంట పడవలో వస్తానని బతిమాలుకున్నాడు. వెంబడించడం అంటే దానికంటే స్పష్టంగా ఏముంటుంది? యేసు ఒప్పుకోలేదు. "నీవు నీ యింటివారియొద్దకు వెళ్లి" అని పంపేశాడు. పడవ ఎక్కనివ్వకపోవడం నిరాకరణ కాదనీ, అతని విషయంలో అదే పిలుపనీ నాకు అర్థమయ్యేసరికి తెల్లవారింది. అమ్మ అప్పుడే లేచింది.

అయితే నేను ఒంటరిగా లేనని కూడా చెప్పాలి. సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు బుధవారం సాయంత్రాలు వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంటారు, నన్ను ఒక గంట నిద్రపోనిస్తారు. వారితో నాకు చాలా విషయాల్లో అభిప్రాయభేదం ఉంది. వారు లేకపోతే ఏమయ్యేదాన్నో మాత్రం నాకు తెలియదు. ఆయన చేపలు పట్టేవారి పక్కన సుంకరి మత్తయిని కూర్చోబెట్టాడు. తోడు నడిచేవారిని ఎంచుకునే పని మన చేతికి ఇవ్వలేదనుకుంటాను. మీకు కూడా అలాంటి ఇద్దరు దొరకాలని ఈ రాత్రి ప్రార్థిస్తాను.

మూడో జాము

మీ మాట నా లోపలికి వెళ్లింది. తలుపు పక్కన నిలబడిన ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు. ఈ ఆరేళ్లలో వారి ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు. వారి కోసం బయటికి వచ్చానని చెప్పుకున్నానే గానీ, వారి దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

పాత నిఘంటువు

ఆవగింజ గారు చెప్పిన దానిలో నేను మొదట రాయకుండా వదిలేసిన విషయం ఉంది. యేసు అందరికీ ఒకే అడుగు చూపలేదు. ధనవంతుడైన యువకుడిని ఆస్తంతా అమ్మి రమ్మన్నాడు. ఆ మాట అనే ముందు "యేసు అతని చూచి అతని ప్రేమించి" అని మార్కు ప్రత్యేకంగా రాశాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్యను మాత్రం ఏదీ అమ్మమనలేదు, అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు; సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నది జక్కయ్య తనంతట తానే. యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలు తమ ఆస్తితో ఆయన బృందాన్ని పోషిస్తూ వెంట నడిచారు. పునరుత్థానం తరువాత పేతురు తోటి శిష్యుడైన యోహానును చూపించి ఇతని సంగతేమిటని అడిగితే, "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అని సమాధానం వచ్చింది.

అందుకని కొండదారి గారూ, వెంబడించడం అంటే ఏమిటన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే నిర్వచనం వెతికితే దొరకదు. ప్రతి ఒక్కరి ముందూ తనదైన తరువాతి అడుగు ఒకటి ఉంటుంది. సాధారణంగా అది ఏదో మనకు ముందే తెలుసు. తెలియనట్టు ఉండటానికే మనం పెద్ద ప్రశ్నలు అడుగుతాం. నేను కూడా అలా అడిగినవాడినే, ఏళ్ల తరబడి.

ఇంకొక్క మాట. మత్తయి 5:23లో, బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా "నీ మీద" నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తుకు వస్తే, అర్పణ అక్కడే విడిచి వెళ్లి ముందు సమాధానపడమని ఉంది. మనకు ఇతరుల మీద ఉన్న విరోధం గురించి కాదు. మన వల్ల నొచ్చుకున్నవారి గురించి. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. ఆ మాట విన్న గలిలయ ప్రజలకు అది నూరు కిలోమీటర్లకు పైగా నడక, రోజుల ప్రయాణం. సగంలో అర్పణ వదిలి ఇంటికి నడిచి, సమాధానపడి, మళ్లీ అంత దూరమూ రావాలి. ఆయన ఆ దూరాన్ని లెక్కపెట్టకుండా అన్నాడని నేను అనుకోను.

కొండదారి

రెండు రోజులుగా ఏమీ రాయలేకపోయాను. పాత నిఘంటువు గారి చివరి పేరా చదివాక ఇక దాచడం నా వల్ల కావడం లేదు.

మొదటి టపాలో నేను ఒక సంగతి చెప్పలేదు. అయిదేళ్ల క్రితం లెక్కల్లో ఒక తప్పు జరిగింది. తప్పుడు సంఖ్య ఎక్కించింది నేను. విచారణ వచ్చినప్పుడు ఆ కాగితాల మీద ఆ సహోద్యోగిని సంతకం కూడా ఉండటంతో అందరూ ఆమెదే పొరపాటనుకున్నారు. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరూ నన్ను అడగలేదు, నేను నోరు తెరవలేదు. ఆ ఆదివారం పిల్లలకు, కోడి కూయకముందే యేసును ఎరగనని పేతురు మూడుసార్లు బొంకిన పాఠం చెప్పాను. కోడి కూత దగ్గర ఒక పిల్లవాడు, "అప్పుడు పేతురు వెళ్లి వాళ్లకు నిజం చెప్పాడా సర్?" అని అడిగాడు. తరువాతి పాఠంలో చూద్దామన్నాను.

"మీరు ఆదివారం పిలిచినా రారు కదా" అన్నది ఆమే. ఆమెకు నిజం తెలుసో లేదో నాకు తెలియదు. క్షమాపణ కోసం దేవుడిని చాలాసార్లు వేడుకున్నాను, క్షమించాడని నమ్మాను కూడా. ఆమె దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

కృపాపాత్రుడు

సహోదరా, ఇది రాయడానికి మీకు ఎంత బలం కావలసి వచ్చిందో ఊహించగలను. నేను మొదట రాసిన మాటలను సరిదిద్దుకోవాలి. కృప గురించి నేను చెప్పింది తప్పు కాదు. కాని దాన్ని మీ గాయం మీద కప్పే గుడ్డలా వాడాను. ఆ గుడ్డ కింద ఏముందో అడగలేదు.

మీ విద్యార్థి అడిగిన పాఠం యోహాను 21లో ఉంది. కొత్త నిబంధనలో బొగ్గుల నిప్పును సూచించే గ్రీకు మాట రెండే చోట్ల వస్తుంది. మొదటిది, పేతురు చలి కాచుకుంటూ బొంకిన ప్రాంగణంలో. రెండోది, యేసు తెల్లవారుజామున చేపలు కాల్చి శిష్యులను భోజనానికి పిలిచిన ఒడ్డున. పేతురు ఆ పొగ వాసనను గుర్తుపట్టకుండా ఉండగలడా? మూడుసార్లు బొంకినవాడిని మూడుసార్లు అడిగాడు, "నన్ను ప్రేమించుచున్నావా" అని. మూడోసారికి పేతురు మనసు నొచ్చుకుంది. జరిగినదాన్ని పక్కన పెట్టి కాక, ఆ మంట దగ్గరికే తీసుకువెళ్లి కూర్చోబెట్టి, కడుపు నింపిన తరువాతే "నన్ను వెంబడించుము" అన్నాడు. ఇది శిక్ష కాదు. నాకు తెలిసినంతలో కృప అంటే ఇదే. మీ మంట ఆ కార్యాలయంలో ఉంది. ఆయన అక్కడ ముందే ఉన్నాడని నమ్మి వెళ్లండి.

బయటి చదువరి

కొండదారి గారూ, మీరంటే నాకు గౌరవం పెరిగింది. ఒక్క సూచన చేయనివ్వండి. జక్కయ్య కథను నిన్న మళ్లీ చదివాను. అతడు పశ్చాత్తాపపడుతున్నానని చెప్పి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్న దానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము 5:7 ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. అతడు అక్కడ ఆగలేదు. అందుకని ఆమెతో మాట్లాడేటప్పుడు మీ మనసు తేలికపరచుకోవడం కంటే ముందు, ఆ తప్పు వల్ల ఆమె ఏం పోగొట్టుకున్నారో అడగండి.

ఆవగింజ

ఆమె క్షమించకపోయినా వెళ్లండి. క్షమించాలని అడగకుండా వెళ్లండి.

కొండదారి

నిన్న సాయంత్రం అందరూ వెళ్లాక ఆమెతో మాట్లాడాను. కుర్చీలో కూర్చోలేక నిలబడే చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు; బల్ల మీద ఉన్న కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. బయటి చదువరి గారు చెప్పినట్టు, ఏం పోయిందని అడిగాను. ఆ ఏడాది రావలసిన పదోన్నతి ఆగిపోయిందనీ, ఆ తప్పు తనదేనేమోనని చాలాకాలం తానే నమ్మాననీ, ఇప్పటికీ ఏ కాగితం మీదైనా సంతకం చేసే ముందు మూడుసార్లు సరిచూస్తాననీ చెప్పారు. ఆ చివరి మాట నేను మోయలేకపోతున్నాను. క్షమిస్తున్నానని ఆమె అనలేదు. నేను అడగలేదు.

పైఅధికారికి ఇవ్వడానికి ఒక ఉత్తరం రాశాను. ఆమె దస్త్రంలోని ఆ వ్యాఖ్యను తొలగించి, ఆగిపోయిన పదోన్నతిని తిరిగి పరిశీలించాలని కోరాను. నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదని కూడా రాశాను. ఇంట్లో చెప్పాను, ఉద్యోగం పోవచ్చని ఇద్దరికీ తెలుసు. ఆదివారపు బడి బాధ్యులకూ చెప్పాను. ఇకపై నేను పాఠం చెప్పాలో వద్దో నిర్ణయించవలసింది వారే.

ఉత్తరం ఇచ్చే ముందు ఈ ఉదయం ఆమెకు చదివి వినిపించాను. మొత్తం విని ఒక్క వాక్యం మార్చమన్నారు. "పొరపాటు జరిగింది" అని ఉన్న చోట "పొరపాటు నేను చేశాను" అని రాయమన్నారు. మార్చి, పదకొండు గంటలకు ఉత్తరం అందజేశాను.